అయిదో తీగ కోసం

మా సభల్లో పాట స్టేజీ మీద పుట్టదు. కింద పట్టాల మీద కూచున్న ఆడవాళ్ళ మధ్య పుడుతుంది. ఎవరో ఒక మామ్మ కళ్ళు మూసుకుని తన గొంతుకి ఎక్కడ వీలుగా ఉంటే అక్కడ ఎత్తుకుంటుంది. పక్కవాళ్ళు అందుకుంటారు, వాళ్ళ వెనక పందిరంతా అందుకుంటుంది. అప్పుడు స్టేజీ మీద ఉన్న మేం, అంటే కీబోర్డు, డ్రమ్‌ప్యాడ్, బేస్ గిటార్, ఆ పాట ఏ స్కేల్లో, ఏ శ్రుతిలో ఉందో చీకట్లో గోడ తడుముకున్నట్టు వెతుక్కుని వెళ్ళి కలుస్తాం. ముందే స్కేలు ఇస్తామమ్మా, అందులో పాడండి అంటే ఒప్పుకోరు. "మేం పాడతాం, మీరు కొట్టండి నాయనా" అంటారు. దర్శి వెళ్ళండి, వినుకొండ వెళ్ళండి, కొత్తపట్నం ఇసక మీద వేసిన పందిట్లోకి వెళ్ళండి, ఇదే వరస.

నేను ఆ బేస్ గిటార్ వాయించే మనిషిని. వారమంతా మూడో తరగతి పిల్లలకి ఎక్కాలు చెప్పే టీచర్ని. మిరప కోతలు అయ్యాక మా వైపు సువార్త సభల కాలం మొదలవుతుంది. శని, ఆదివారాలు మా బృందంతో ఆ ఊళ్ళన్నీ తిరుగుతాను. చిన్నప్పుడు మా చర్చిలో గిటార్ మగపిల్లల సొత్తు. లావు తీగల బేసుని మాత్రం ఎవరూ ముట్టేవాళ్ళు కాదు, అందులో షోకు లేదని. మూల పడుంది కదా అని నేను తీసుకున్నాను. అదేం పిచ్చో, ఆ మొదటి మోత కడుపులోకి దిగిన దగ్గర్నుంచి దాన్ని వదల్లేదు.

రెండు బాధలొచ్చి పడ్డాయి. ఒకటి, నా పాత బేసుకి నాలుగే తీగలు, ఇంకా కింది స్వరాలిచ్చే అయిదో తీగ లేదు. మామ్మల గొంతులు వయసుతో కిందికి దిగుతాయి. నా లావు తీగ ఆగిపోయిన చోటి నుంచి వాళ్ళ పాట ఇంకా కిందికి పోయేది. చేసేదేం లేక నేను అదే స్వరాన్ని పైనెక్కడో వాయించేదాన్ని. వాళ్ళేమో నేల మీద, నేనేమో అటక మీద. రెండోది నా ఎడమ భుజం. ఆ పాతది మహా బరువు. బెల్టు భుజాన వేసుకుని రెండు పాటలు నుంచునేసరికి చెయ్యి మొద్దుబారిపోయేది. ఒంగోలులో డాక్టరు గారికి చూపిస్తే, "ఈ భుజం మీద ఇంక బరువు పెట్టకండి మేడం" అని తేలిగ్గా అనేశారు.

మా బృందానికి పెద్ద దిక్కు, కీబోర్డు వాయించే తమ్ముడే. నాకంటే చిన్నవాడే అయినా సభలు ఒప్పుకోవడం, బండి మాట్లాడటం అన్నీ అతని మీదే నడుస్తాయి. డాక్టరు మాట చెవిన పడగానే ఇంటికొచ్చాడు.

"అక్కా, నువ్వు బాధపడతా వాయిస్తుంటే చూళ్ళేకపోతున్నా. బేసు నా ఎడం చేత్తో కీబోర్డు మీదే వేసేస్తాలే. నువ్వు కోరస్‌లో నుంచో, హాయిగా."

నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టినవాణ్ణయితే తిరిగి తిట్టొచ్చు. ప్రేమగా తీసి పక్కన పెట్టేవాణ్ణి ఏం చెయ్యాలి? కోరస్‌లో నుంచోవడం తప్పేం కాదు, కానీ అక్కడ నేను లేకపోయినా పాటకేం లోటుండదు.

"దర్శి సభ దాకా ఆగరా. తేలిక బేసు కొనుక్కుని వస్తా. అప్పుడు కూడా నా వల్ల కాకపోతే నువ్వు చెప్పక్కర్లేదు, నేనే పోయి కోరస్‌లో నుంచుంటా" అన్నాను.

"సరే అక్కా. దర్శి దాకా" అన్నాడు.

ఆ తర్వాతి రోజులన్నీ నేను బేస్ గిటార్ల కలలో తిరిగాను. బడి నుంచి వచ్చే బస్సులో కిటికీ పక్కన కూచుని ఫోన్లో వాటినే చూసేదాన్ని. బయట కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు ఎండలో కదలకుండా పరుచుకుని ఉండేది. పత్తి లారీలు పోయిన దారి పొడుగునా తుమ్మ కొమ్మలకి దూది పింజలు పట్టుకుని ఊగేవి. ఆ ఎరుపులోకి, ఆ తెలుపులోకి చూస్తూ చూస్తూ కునుకు పట్టేది. కునుకులో బస్సు ఇంజను మోత అయిదో తీగయ్యేది. జిన్నింగు మిల్లు దాటుతుంటే అదీ అయిదో తీగే. ఎక్కడో పొలంలో బోరు మోటారు, ఇంకా కిందికి, ఇంకా మెత్తగా. దిగాల్సిన స్టాపు దాటిపోయి పక్క ఊళ్ళో దిగిన రోజులు కూడా ఉన్నాయి, నవ్వుతారేమో.

నాకు కావల్సినవి మూడు. తేలిగ్గా ఉండాలి. అయిదో తీగ ఉండాలి. టీచరు జీతానికి అందాలి. ఈ మూడూ ఒక్కచోట దొరికితే ఒట్టు. తీగలు పెరిగితే బరువు పెరుగుతుంది. బరువు తగ్గితే ధర పెరుగుతుంది. ఈ మధ్య తల లేని బేసులొచ్చాయి, పైన తీగలు బిగించే బిరడలుండే భాగమే ఉండదు. ఎంత ముచ్చటేసిందో! కానీ నేను చూసినదానికి తీగలు వేరే రకం. ఒకటి తెగితే ఒంగోలులో దొరకదు, పార్సిలు కోసం ఎదురుచూస్తూ సభ ఎగ్గొట్టాలి. మొండేన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకుంటావా అని మా ఆయన ఒకటే నవ్వు.

మా ఆయన కౌలుకి పత్తీ మిరపా వేస్తాడు. మనిషి మంచివాడు గానీ కాటా పిచ్చి. మా వైపు పత్తి తీసిన ఆడవాళ్ళకి తూకాన్ని బట్టి కూలి. సాయంత్రం గట్టు మీద కొక్కెం కాటా వేలాడగట్టి, ఎవరి మూట వాళ్ళ కళ్ళముందే తూస్తారు. అక్కడ ఎంత గొడవైనా కాటా మీద అంకె పడగానే సద్దుమణుగుతుంది. అందుకని కాటా చెప్పని మాట ఆయనకి మాటే కాదు. గుంటూరు వాద్యాల షాపుకి వెళ్ళినప్పుడు సంచీలోంచి ఆ కొక్కెం కాటా బయటికి తీశాడు. సిగ్గుతో నా ప్రాణం పోయింది.

"ఏవండీ, అది లోపల పెట్టండి. ఇది మిరప యార్డు కాదు."

"నువ్వుండవే. తేలికది కావాలన్నావా లేదా? తేలికో బరువో నోటితో చెప్తే సరిపోద్దా?"

షాపాయన మొదట బిక్కమొహం వేశాడు. తర్వాత ఆయనకీ సరదా పుట్టింది. అయిదు తీగల బేసుల్ని ఒక్కొక్కటే సంచీలో పెట్టి అందించాడు, మా ఆయన ఒక్కొక్కటే కొక్కేనికి తగిలించాడు. అన్నిట్లోకీ తేలికది బెండులాంటి చెక్కతో చేసినది, లేత బెల్లం రంగులో ఉంది. ధర కూడా మా చేతికి అందేదే. భుజం నొప్పికి భయపడి నేను స్టూలు మీద కూచునే వాయించి చూశాను. అయిదో తీగ మీటగానే షాపు అద్దాల బీరువా సన్నగా వణికింది. ఆ వణుకు నా ఎముకల్లోకి వచ్చింది. ఇంక నాకు ఎవరేం చెప్పినా వినపళ్ళేదు.

"ఒకసారి బెల్టు వేసుకుని నుంచుని చూడండి మేడం" అన్నాడు షాపాయన.

"తూచాం కదయ్యా, ఇంకా చూసేదేంది?" అన్నాడు మా ఆయన. నేనూ తలూపాను.

స్టేజీ మీద గిటార్ వాళ్ళం నుంచునే వాయిస్తాం కదా అని, ఇంటికొచ్చి మర్నాడు నుంచున్నాను. చెయ్యి తియ్యగానే బేసు తల దభీమని కిందికి వాలింది. ఎత్తాను, మళ్ళీ వాలింది. చెక్క పెట్టె మరీ తేలికైపోయింది, పొడుగాటి మెడ, అయిదు బిరడలు ఆ చివర బరువై కూచున్నాయి. నుంచున్నంతసేపూ మెడని ఎడం చేత్తో ఎత్తిపట్టుకునే ఉండాలి. ఎడం చేత్తోనే వాయించాలి కూడా. నా భుజం సంగతి సరే సరి.

"మీ కాటా తగలెయ్యా! మూట తూచినట్టు తూచారు. మూటకి తలుంటుందా?"

పాపం, ఆయన మొహం మాడిపోయింది. సాయంత్రం ఇనప ముక్కలు గుడ్డలో మూటగట్టి బేసు తోక వైపు కట్టాడు. నిజంగానే తల వాలడం ఆగింది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని మురిసిపోయాం. ఆయన ఊరుకోకుండా మళ్ళీ కొక్కేనికి తగిలించాడు. నా పాత బేసుకి అటూ ఇటూగా అంతే బరువు తేలింది. అప్పుడు నవ్వొచ్చింది గానీ, ఆయన గుడ్డ విప్పుతుంటే ఏడుపు కూడా వచ్చింది. షాపులో అడిగితే, వాడింది మేం వెనక్కి తీసుకోం అన్నారు. దర్శి సభ వచ్చేసింది.

పత్తి పీకేసిన చేలో పందిరి వేశారు. మధ్యాహ్నం సభ. ఎండ పందిరి గుడ్డలోంచి పసుపుగా దిగి అందరి మొహాల మీదా ఒకే రంగు పూసింది. ఎక్కడెక్కడి దూదో గాల్లో తేలుతూ వచ్చి ఆడవాళ్ళ జుట్టు మీద, నా తీగల మీద వాలుతోంది. అంత అందంలో నాకు నరకం మొదలైంది. మొదటి పాట ఎలాగో లాగాను. రెండో పాటలో మెడని ఎత్తిపట్టుకున్న చెయ్యి కొంకర్లు పోయింది. స్వరాలు ఒకటి పడుతోంది, ఒకటి పోతోంది. అప్పుడు వినపడింది, కీబోర్డు స్పీకర్లోంచి బేసు. తమ్ముడు నా వైపు చూడలేదు. నేను నొచ్చుకుంటానని తలొంచుకుని, నేను వదిలేసిన స్వరాలన్నీ తన ఎడం చేత్తో నింపేస్తున్నాడు.

ఇంక అయిపోయింది అనుకున్నాను. కోపం కూడా రాలేదు. పాట పూర్తవగానే బెల్టు తీసేసి, బేసు చేత్తో పట్టుకుని స్టేజీ మెట్లు దిగాను. వైరు పొడుగు కాబట్టి అదీ నా వెనకే జారుతూ వచ్చింది, పీకే ఓపిక లేక వదిలేశాను. ఎక్కడికి పోవాలో తెలీక ఆడవాళ్ళ మొదటి వరసలో ఆగాను.

"ఇట్టా రా తల్లీ, కూకో. ఎంతసేపని నిలబడతావు?" అంటూ ఒక మామ్మ పక్కకి జరిగింది. మిరప కోతలతో వేళ్ళ చివర్లు కమిలిపోయి ఉన్నాయి ఆమెకి.

బాసింపట్టు వేసుకుని కూలబడ్డాను. బేసు దానంతటదే తొడ మీద కుదురుకుంది. తల వాలలేదు. భుజం మీద ఏ బరువూ లేదు. మామ్మ కళ్ళు మూసుకుంది. పాట ఎత్తుకునే ముందు పెదాలు కదపకుండా లోపల్లోపల సన్నగా మూలిగినట్టు ఒక స్వరం పట్టింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు తెలియనే తెలియదు! ఎత్తుకునే ముందు వాళ్ళు దాన్ని తమలో తాము పాడి చూసుకుంటారు. స్టేజీ మీదికి అది ఎలా వినపడుతుంది? ఆమె పక్కన మోకాలికి మోకాలు తగిలేట్టు కూచున్నదానికి వినపడుతుంది.

నా వేలు అయిదో తీగ మీద రెండో ఫ్రెట్టు గీతకి వెళ్ళింది. ఆమె నోరు తెరవడమూ నేను మీటడమూ ఒకేసారి జరిగాయి.

ఆ మోత పెద్ద స్పీకర్లోంచి వచ్చి, నేల పట్టుకుని, పట్టా కింద నుంచి మా అందర్లోకీ ఎక్కింది. మామ్మ ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, కింద నేలకేసి చూసి, మళ్ళీ మూసుకుంది. వెనక వరసలు అందుకున్నాయి. నేను ఎంత కిందికి దిగితే వాళ్ళు అంత ధైర్యంగా గొంతు వదిలారు. అరుపుల్లేవు, లాగడాల్లేవు. పసుపు వెలుగులో దూది అలా తేలుతూనే ఉంది. ఎంతసేపు పాడామో నాకు తెలీదు. స్టేజీ మీద కీబోర్డు కాసేపు వెతుక్కుని, నా స్వరం దొరకబుచ్చుకుని, మెల్లగా వచ్చి మాలో కలిసింది. ఎప్పుడూ సగం చరణం దాటాక గానీ కుదరని పాట ఆ రోజు పల్లవిలోనే కుదిరింది.

పాట అయ్యాక మామ్మ నా వీపు మీద చెయ్యి వేసింది. "ఎన్నాళ్ళకి మా గొంతు కింద ఒక ఆసరా దొరికిందే" అంది. నేను తల ఎత్తలేకపోయాను. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు రెండూ బేసు మీద ఉన్నాయి.

ఆమె ఇంకో పాటకి గొంతు సవరించుకుంటోంది. స్టేజీ మీద తమ్ముడు కీబోర్డు వదిలి లేచి నుంచున్నాడు. మైకు అందుకుని, సభ అంతా వింటుండగా అడిగాడు.

"అక్కా, ఏ స్కేలో నువ్వే ఇవ్వు. మేం నీ వెనక వస్తాం."

మామ్మ వైపు ఇంకొంచెం జరిగి, ఆమె పట్టబోయే స్వరం కోసం చెవి ఒగ్గాను.