ఆగడం తెలిసిన టీచరు గారు

మా ఫిజిక్స్ టీచరు గారు పోయారన్న కబురు సోమవారం పొద్దున స్కూలు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. తెల్లవారుజామున గుండెపోటట. దాని కింద వరసగా దండం పెట్టే చేతుల బొమ్మలు. ఆ బొమ్మల మధ్యనే మా ప్రిన్సిపాల్ గారి మెసేజి: "ఆవిడ పీరియడ్లకి ఇబ్బందేమీ లేదు. వీడియోలు ఉన్నాయి. క్లాసులు మామూలుగానే నడపండి." చచ్చిపోయినా సెలవు దొరకని ఉద్యోగం మాది.

బెంజ్ సర్కిల్ దగ్గర మా స్కూలు. నేను తెలుగు చెబుతాను. స్టాఫ్ రూములో ఆవిడది నా పక్క కుర్చీ. గన్నవరం నుంచి బస్సులో వేలాడుతూ వచ్చి, బ్యాగు కింద పెట్టకముందే నా క్యారేజీ మూత తీసి చూసేవారు. "మాస్టారూ, ఇవాళ కూడా బెండకాయేనా? మీ ఇంట్లో ఆవిడకి మీ మీద ఏదో కోపం ఉందండీ" అనేవారు. మధ్యాహ్నం ఆ వేపుడు సగం తినేది ఆవిడే.

ఆవిడకి కంప్యూటర్లంటే గిట్టదని ఎవరూ అనుకోవద్దు. క్లాసుల్లో డిజిటల్ బోర్డులు పెట్టినప్పుడు మేమంతా షాకు కొడుతుందేమో అన్నట్టు దూరంగా నిలబడితే, ముందు చెయ్యి వేసింది ఆవిడే. తర్వాత మా అందరికీ నేర్పారు. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తిన రోజు పొద్దున్నే వెళ్ళి ఫోనుతో వీడియో తీసుకొచ్చి, నీళ్ళ ఒత్తిడి పాఠం దానితో చెప్పారు. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. "బోర్డు మంచిదే మాస్టారూ, ఆగమంటే ఆగుద్ది. మనుషులే ఆగరు" అనేవారు.

ఆవిడ మాత్రం ప్రశ్న అడిగి ఆగేవారు. ముందు బెంచీల వాళ్ళు చేతులెత్తి గంతులేస్తున్నా పట్టించుకునేవారు కాదు. ఎనిమిదో తరగతిలో వెనక బెంచీ అమ్మాయి ఒకతి ఉంది. నత్తి. జవాబు తెలుసు, మొదటి అక్షరం దగ్గరే నోరు బిగుసుకుపోతుంది. మిగతా క్లాసుల్లో ఆ పిల్ల నోరెత్తదు. ఆవిడ క్లాసులో మాత్రం లేచి నిలబడేది. అప్పుడు టీచరు గారు కిటికీలోంచి రోడ్డు మీద ఆటోలు చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడేవారు. "మొహంలోకి చూస్తే కంగారు పడుద్దండీ" అని ఒకసారి నాతో అన్నారు.

అన్ని బ్రాంచీల్లోనూ ఒకే పాఠం ఉండాలని మా డైరెక్టరు గారికి బుద్ధి పుట్టింది. బాగా చెప్పేవాళ్ళ పాఠాలు గవర్నర్‌పేటలో ఒక స్టూడియోలో తీయించారు. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. ఖాళీ గది, కెమెరా, ఎదురుగా ఒక్క పిల్లా లేదు. అయినా ఆవిడ ప్రశ్న అడిగి ఆగారు, ఎవరో జవాబు చెప్పినట్టే మెచ్చుకున్నారు. వీడియో కత్తిరించే ఆయన విసుక్కున్నాడు.

"మేడమ్, ఎవరూ లేరు కదా. ఎవరి కోసం ఆగుతున్నారు?"

"చూసేటప్పుడు ఉంటారు కదండీ."

ఆయన ఆ ఖాళీలన్నీ కత్తిరించి పారేశాడు. పాఠం పొట్టిదయిందని డైరెక్టరు గారు మురిసిపోయారు. కొన్నాళ్ళకి ఇక క్లాసులో నోటితో చెప్పనక్కర్లేదన్నారు. తన వీడియో తనే పెట్టి, పక్కన నిలబడి పిల్లలు అల్లరి చేయకుండా చూసుకోవాలి. ఇరవై ఏళ్ళ అనుభవానికి దొరికిన పని అది.

ఆవిడ ఊరుకోలేదు. ప్రశ్న రాగానే వీడియో ఆపేవారు. వెనక బెంచీ పిల్ల మాట పూర్తి చేశాకే మళ్ళీ నడిపేవారు. ఎవరు ఎక్కడ ఆపారో హెడ్డాఫీసులో కనిపిస్తుందట. డైరెక్టరు గారు స్టాఫ్ మీటింగులో మా అందరి ముందూ అడిగారు.

"మీ వీడియో మీరే ఆపితే ఎలాగండీ? మీ పాఠం మీద మీకే నమ్మకం లేదా?"

కొందరు నవ్వారు. నవ్వినవాళ్ళ మొహాలు నాకింకా గుర్తే.

"ఆ వీడియోలో ఉన్నావిడకి మా వెనక బెంచీ పిల్ల తెలియదు సార్. నాకు తెలుసు" అన్నారు టీచరు గారు.

ఆ వారంలోనే మా బ్రాంచిలో వీడియో ఆపే వీలు తీసేశారు. అప్పట్నుంచి ఆవిడ ఇంటర్వెల్లులో ఆ పిల్ల పక్కన కూర్చుని ఒక్కదాని జవాబే వినేవారు. టీ తాగడం మానేశారు. నా క్యారేజీ మూత తీయడం కూడా మానేశారు. అది నాకు చాలా కష్టంగా ఉండేది.

సంతాప సభలో ఆవిడ ఫోటోని డిజిటల్ బోర్డు మీద పెట్టారు. ఫోటో కింద "అడ్మిషన్లు జరుగుతున్నవి" అన్న పట్టీ కదులుతూనే ఉంది. తీసేయమని అరిచాను. ఎలా తీయాలో తెలియదన్నారు. తెలిసిన మనిషి ఫోటోలో ఉంది.

సభ అయ్యాక ఆవిడ పీరియడుకి నన్ను పంపారు. వీడియో దానంతటదే మొదలైంది. టీచరు గారు తెర మీదికి వచ్చి కొంగు సర్దుకున్నారు.

"డ్యాము గోడ అడుగున ఎందుకు లావుగా కడతారు?"

వెనక బెంచీలో ఆ పిల్ల లేచి నిలబడింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. "నీ... నీ..." అంటోంది. ఆపే బటను లేదని తెలిసీ నేను బోర్డంతా తడుముతున్నాను.

టీచరు గారు అప్పటికే నవ్వారు.

"వెరీ గుడ్. బాగా చెప్పావమ్మా. కూర్చో."

ఆ పిల్ల కూర్చుంది.