అన్నయ్య బోరులో నీటిమట్టం

పలాస నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో, పూండికి అవతల మా అన్నయ్య జీడితోట. ఆ తోటలో ఒక లోతైన బోరు ఉండేది. పైనున్న ఇసుకను దాటి, కింది రాతిలోకి దింపిన బోరు. ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదీ, బిందెలతో వచ్చిన ఊరివాళ్లూ ఆ నీళ్లే తాగారు. తన కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన వారంలోనే అన్నయ్య మోటారు పీకించి, గొట్టం మీద ఇనుప మూత బిగించేశాడు. ఆ నీళ్ల వల్లే జబ్బు వచ్చిందని ఎవరూ చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. మా ఉద్దానంలో ఏ వీధికి వెళ్లినా ఈ జబ్బు మనిషి ఉంటాడు. ఎందుకొచ్చిందో తెలిసిన మనిషే దొరకడు.

నేను భూగర్భ జలాల మట్టం కొలిచే పనిలో కాంట్రాక్టు మీద చేరాను. టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా తిరిగి, బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూడటం నా పని. మట్టాన్ని తనంతట తానే నమోదు చేసుకునే పరికరం ఒకటి వచ్చినప్పుడు, ఎవరూ నీళ్లు తోడని బోరు కావాలన్నారు. నాకు అన్నయ్యదే గుర్తొచ్చింది. వెళ్లి అడిగాను.

"నీ ఉజ్జోగానికి పనికొత్తాదంటే దించుకో సెల్లీ. ఇంకెవులికీ పనికి రాదు గదా" అన్నాడు.

నెల తిరిగాక ఆ లెక్కను కంప్యూటర్లో గీత గీయించి చూశాను. ఎవరూ ముట్టుకోని ఆ బోరులో నీళ్లు రోజుకు రెండుసార్లు దిగుతున్నాయి, రెండుసార్లు లేస్తున్నాయి. తేడా వేలి మందమే. సముద్రం దగ్గరే కాబట్టి దాని ఆటుపోట్లే అనుకున్నాను. మా పై అధికారి మాత్రం, సముద్రం ప్రభావం కొంత ఉన్నా, తీరానికి చాలా దూరంగా ఉన్న రాతి బోర్లలోనూ ఇలాగే జరుగుతుందన్నారు. చంద్రుడూ సూర్యుడూ సముద్రాన్నే కాదు, నేలనూ లాగుతాయట. చంద్రుడు నెత్తి మీదికొచ్చే వేళకు నేల రవ్వంత పొంగి, కింద రాతిలోని పగుళ్లు కంటికి ఆననంత విచ్చుకుంటాయి. నీళ్లు వాటిలోకి జారి, బోరులో మట్టం తగ్గుతుంది. లాగుడు సడలితే పగుళ్లు బిగిసి నీళ్లు మళ్లీ పైకొస్తాయి.

అన్నయ్యను డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లినప్పుడు ఇదంతా చెప్పాను. చేతికి సూదులు గుచ్చి ఉన్నాయి, కదలకూడదు. కళ్లు మాత్రం నా వైపు తిప్పాడు.

"నేల పొంగుతాదేటి? మనం నిలబడ్డ నేలే?"

"అవును. మనమూ దాంతోపాటే లేస్తాం, అందుకే తెలీదు."

"నానోపాలి సూడాల" అన్నాడు.

ఆ వారంలోనే శుద్ధ పంచమి వచ్చింది. పొద్దుట చంద్రుడు ఇంకా తూర్పున కింద ఉన్నప్పుడు ఒకసారి, సాయంత్రం నెత్తి మీదికి వచ్చాక ఒకసారి బోరు కొలిచాం. నీటికి తగలగానే కూత పెట్టే టేపు నా దగ్గరుంది. తోట దాకా నడవలేక మధ్యలో రెండుచోట్ల కూర్చుండిపోయాడు. సాయంత్రం పొద్దుటి గుర్తు దాటి, ఇంకో వేలి మందం దిగాకే టేపు కూత పెట్టింది. అన్నయ్య తలెత్తి, జీడికొమ్మల సందున తెల్లగా పాలిపోయిన చంద్రుణ్ణి చూసి నవ్వాడు. జబ్బు పడ్డాక అలా నవ్వడం నేను చూడలేదు.

తర్వాత బోరు గట్టు మీద కూర్చుని అడిగాడు. "అంత దూరంలో సందమామ లాగితే ఎంత తగ్గుతాదో సెప్తన్నారు గదా. మరి ఈ నీట్లో ఏటుందో, నన్నేటి సేసిందో సెప్పలేరేటి?"

"పరీక్షలు చేస్తున్నారు అన్నా."

"ఎన్నిపాల్లు పట్టుకెల్లేరు సీసాల్తోటి. నీరట్టుకెల్లేరు, రగతం అట్టుకెల్లేరు. మల్లీ ఒచ్చి సెప్పినోడు లేడు."

 నేను టేపు చుట్టడం మొదలుపెట్టాను.

ఎండలు ముదిరేసరికి అన్నయ్యకు ఒళ్లంతా నీరు పట్టింది. దాహమేస్తే తడి గుడ్డతో పెదాలు తుడవమన్నారు డాక్టర్లు. ఊరికంతా నీళ్లు పెట్టిన మనిషి గ్లాసెడు నీళ్ల కోసం వదినను బతిమాలేవాడు. ఆమె ఇవ్వలేక వంటింట్లోకి వెళ్లి ఏడ్చేది. ఒకరోజు ఆటోలో పలాస వెళుతూ, నా భుజం మీద తల ఆనించి ప్రాణం వదిలాడు. ఆసుపత్రి ఇంకా రాలేదు. నిద్రపోయాడనుకుని నేను కదలకుండా కూర్చున్నాను.

కర్మకాండలయ్యాక వదిన నన్ను పిలిచింది. "ఆ మిసన్ తీసీ. బోరు పూడ్పించేత్తాను. దాన్ని సూత్తంటే నాకు పేనం నిలబడ్డం లేదు."

తీసేశాను. పోయిన రోజు గీత ఎలా ఉందోనని వెతికి చూశాను. ముందు రోజులాగే ఉంది, మర్నాటిలాగే ఉంది. ఏదైనా తేడా కనబడాలని ఎందుకు ఆశపడ్డానో నాకే తెలీదు. కూలీలు రాళ్లు వేసి, పైన సిమెంటు పోశారు. ఊళ్లో ఇప్పుడు దూరం నుంచి గొట్టాల్లో వచ్చే నీళ్లే తాగుతున్నారు.

కిందటి నెల ఊళ్లో రక్త పరీక్షలు చేశారు. వదిన ఫోన్ చేసింది.

"నాకూ ఉందంతన్నారు. మొదట్లోనేనట. మందులు రాసేరు."

చేతిలో ఉన్న టేపు పక్కన పెట్టాను.

"ఇన్నావేటి?" అంది.

విన్నానన్నాను. పలాస రమ్మన్నాను, నేనూ వస్తానన్నాను. ఎన్ని గంటల బస్సుకి బయల్దేరాలని అడిగింది.