బెల్టు మీద విమానం

మౌలాలీ దాచేపల్లి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరు. క్వారీ నుంచి రాయిని మోసుకొచ్చే పొడవాటి రబ్బరు బెల్టుకు పన్నెండేళ్లుగా నాడి చూసేది అతనే.

ఎనభై నాలుగులో ఒక మధ్యాహ్నం ఇంజనీరు ప్రభాకరరావు క్యాంటీన్లో ఒక ప్రశ్న వేశాడు. అలాంటి బెల్టు మీద విమానాన్ని పెట్టి, అది ఎంత జోరుగా ముందుకు పోతే బెల్టును అంత జోరుగా వెనక్కి తిప్పితే, అది ఎగురుతుందా?

"ఎగురుద్ది సారూ," అన్నాడు మౌలాలీ. "లారీని తోసేది చక్రం. విమానాన్ని లాగేది ఫంకా. కింద చక్రాలు ఊరికే దొర్లుతయ్."

"ఎనిమిదో తరగతి తప్పినోడివి, నాకు చెప్పొచ్చావా? అది ఎగిరిన్నాడు నా మీసం సగం గొరిగించుకుంటా."

క్యాంటీనంతా నవ్వింది. ఆ రోజు నుంచి మౌలాలీ పేరు విమానం సాహెబు అయింది. పంపు దగ్గర ఆడవాళ్లు అతని భార్య ఖాతూన్ బీని, "ఏమే, మీ ఆయన ఇంకా నేలమీదే ఉన్నాడా?" అనేవారు. ఆమె బిందె సగమే నింపుకుని వచ్చేసేది. ఆ సగం బిందె మౌలాలీ గుండెలో నిలిచిపోయింది. కాల్చిన సున్నపురాయి కూడా అంతే, నీటిచుక్క పడేదాకా తెల్లగా, చల్లగా కూర్చుంటుంది.

రెండేళ్లు వెదురు పుల్లలు చెక్కాడు. గాలిపటం కాగితంతో రెక్కలు, డబ్బారేకుతో ఫంకా, దాన్ని తిప్పడానికి మెలిపెట్టిన రబ్బరు, సూదిమందు సీసాల మూతలతో చక్రాలు.

ఆయుధపూజ నాడు బెల్టును కడిగి, పసుపు పూసి, కొబ్బరికాయ కొట్టి ఖాళీగా తిప్పుతారు. అందరూ వస్తారు. ఆ ఏడు మౌలాలీ మంగలి లక్ష్మీనారాయణను కూడా పిలిచాడు.

"బటన్ మీరే నొక్కండి సారూ."

అందరి ముందు ప్రభాకరరావు కాదనలేకపోయాడు. బెల్టు వెనక్కి పరుగెత్తింది. మౌలాలీ తోక పట్టుకుని విమానాన్ని దాని మీద ఆనించాడు. చక్రాలు పిచ్చెత్తినట్టు తిరిగాయి. వదిలాడు. రెండు మూరలు ముందుకు ఉరికి, బంతిపూల దండ మీదుగా లేచి, ఇంజనీరు చెవి పక్కనుంచి తూనీగలా పోయింది.

ఎవరూ నవ్వలేదు. లక్ష్మీనారాయణ కత్తి నూరాడు.

"మొత్తం తీసెయ్," అన్నాడు ప్రభాకరరావు గొంతు తగ్గించి.

"సగమే సారూ. మీ మాటే."

మర్నాడు ప్రభాకరరావు నున్నటి మూతితో వచ్చాడు. అతను రోజూ సంతకం పెట్టే చోట, బెల్టు స్విచ్చి పైన, మేకుకు ఆ విమానం వేలాడుతోంది. కింద మౌలాలీ తన మీసం దువ్వుకుంటున్నాడు.

"ఇంక చాలు, ఆ విమానాన్ని దించెయ్యి," అంది ఆ సాయంత్రం ఇంట్లో ఖాతూన్ బీ, నిండు బిందె దించుతూ.

"సారు మీసం మొలవనీ," అన్నాడు మౌలాలీ. "నిండుగా మొలిచినాక చూద్దాం."