రెండో వైపు రెయిలింగు

మా గల్లీ చివర ఉండే ఇంజినీరు సార్ పోయారు. అక్క వాళ్ల ఊరి నుంచి పొద్దున్నే బస్సు దిగి, ఆయన కోసమే నేరుగా దబీర్‌పురా స్టేషన్ దగ్గరి చాయ్ హోటల్‌కు వెళ్లి కూర్చున్నాను. రెండు చాయ్ చెప్పాను. హోటల్ భాయ్ ఒక్కటే తెచ్చి పెట్టాడు.

"ఇంజినీర్ సాబ్ గుజర్ గయే, భాయ్. రాత్రి నిద్రలనే. నీకెవ్వరు చెప్పలేదా?"

చెప్పలేదు. నాకు ముందుగా కోపమొచ్చింది. ఆయనతో ఒక తగాదా సగంలో ఉంది. దారి పొడుగునా జవాబు సిద్ధం చేసుకుని వచ్చాను. ఇన్నేళ్లూ నన్ను ఇంత తిన్నగా ఎదిరించిన మనిషి, నా వంతు రాగానే లేచి వెళ్లిపోవడమేమిటి?

ఆయన కోస్తా నుంచి ఉద్యోగానికొచ్చి పాతబస్తీలోనే ఉండిపోయిన మనిషి. పల్లెల్లో రోడ్లు, కల్వర్టులు కట్టే శాఖలో పనిచేసి రిటైరయ్యారు. నేను పత్రికల్లో ప్రభుత్వాలను ఏకిపారేసేవాణ్ని. సార్ ఆ పేపరు మడిచి చంకలో పెట్టుకుని హోటల్‌కు వచ్చి, బిస్కెట్టు చాయ్‌లో ముంచుతూ, "ఏమయ్యా, ఇవాళ ఎవరి మీద పడ్డావు?" అనేవారు. నేను లొల్లి మొదలుపెట్టేవాణ్ని. బిస్కెట్టు విరిగి కప్పులో పడేది. చెంచాతో దాన్ని తీసుకుంటూ వినేవారు.

ఆయనకో అలవాటుండేది. గట్టి వాన పడితే చాలు, పత్తర్‌గట్టి బజారులో కొన్న పెద్ద గొడుగు తీసుకుని ఏదో ఒక ఊరి బస్సెక్కేవారు. తాను ఎప్పుడో కట్టించిన కల్వర్టు మీద నీళ్లెలా పోతున్నాయో చూడాలి. ఈ వయసులో ఎందుకని ఇంట్లో మొత్తుకునేవాళ్లు. "ఎండలో అన్ని వంతెనలూ బాగానే ఉంటాయి" అని చెప్పులు వేసుకునేవారు.

మా అక్క ఊరికి ఆయన్ను తీసుకెళ్లింది నా వ్యాసమే. అక్క అంగన్‌వాడీ టీచరు. ఇల్లు వాగుకు ఇవతల, ఆమె చూసుకునే పిల్లలు అవతలి వాడలో. మధ్యలో వాగు మీద కాజ్‌వే, అంటే నీళ్లకు జానెడు ఎత్తున సిమెంటు దారి. రెండు వైపులా ఏ ఆధారమూ లేదు. వానాకాలంలో పాచి పట్టి నున్నగా ఉంటుంది. అక్క ఒకసారి జారి, వాగులో పడబోయి, మోకాలు పగలగొట్టుకుంది. ఆ ఊరికి గ్రామాభివృద్ధి నిధులొచ్చాయి. వాటితో ఊరి మొదట్లో రంగురంగుల స్వాగత తోరణం కట్టారు. నేను ఊరుకుంటానా? ప్రజలు అడిగేదొకటి, సర్కారు ఇచ్చేదొకటని నిప్పులు కక్కాను.

సార్ చదివి, "వెళ్దాం పద" అన్నారు.

పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెద్దమనుషులు మమ్మల్ని కూర్చోబెట్టి నవ్వారు. "సర్కారు తప్పేముంది సారూ? ఆర్చి మేమే అడిగినం. గ్రామసభల చేతులెత్తినం. పక్క ఊరికి ఉన్నది, మాకెందుకుండొద్దు?"

సార్ నా వైపు తిరిగారు. "మీ ప్రజలేనయ్యా. ఇప్పుడెవర్ని తిడతావు?"

నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం అక్కడితో ఆగలేదు. ఆ సభ ఎప్పుడు పెట్టారని అడిగారు. మిట్టమధ్యాహ్నం. అవతలి వాడ ఆడవాళ్లెవరైనా వచ్చారా? ఎట్ల వస్తరు, నాట్లకు పోయిరి. ఆయన తలూపి, సర్పంచి భుజం మీద చెయ్యేసి, మళ్లీ సభ పెట్టే రోజు ఇక్కడ కాకుండా కాజ్‌వే మీదే పెడదాం, పొలాల నుంచి అందరూ తిరిగొచ్చే వేళకి, అన్నారు. సర్పంచి నవ్వులాటగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న మాట మీద నిలబెట్టేదాకా సార్ వారం వారం ఫోన్ చేస్తూనే ఉన్నారు.

సభ పెట్టిన సాయంత్రం ముసురు. కాజ్‌వే మొదట్లో అందరూ నిలబడే ఉన్నారు, కూర్చునే చోటేదీ? పెద్దమనుషులు చెప్పులు చేత్తో పట్టుకున్నారు. సర్పంచి కాలు జారితే ఒకామె రెక్క పట్టుకుని ఆపింది. "చూసినవా బాపూ? మేం రోజూ గిట్లనే" అంది. మా అక్క అందుకుంది: "గా ఆర్చి పట్టుకొని వాగు దాటొచ్చా? అది చెప్పుండ్రి ముందుగాల." ఆడవాళ్ల నవ్వుకు వాగు చప్పుడు వినబడలేదు. రెయిలింగు కావాలని తీర్మానం అక్కడే అయింది.

తిరుగు బస్సులో సార్ ఒకే మాటన్నారు. "తోరణం అడిగింది వాగు దాటని వాళ్లయ్యా."

ఇన్నేళ్లుగా నేను రాసిన వ్యాసాల్లో ఆ వాక్యం ఒక్కసారీ లేదు.

రెయిలింగు మంజూరైంది. ఒక వైపే కట్టారు. రెండో వైపు వచ్చే విడతలోనట. మా తగాదా అక్కడే.

"సగం భద్రతేంది సార్? మనిషి సగమే కొట్టుకపోతడా?"

"ఉన్న సగం పట్టుకుని నిలబడి, మిగతాది అడగాలయ్యా."

"గట్ల అడిగితే బిచ్చమైతది. ఇది హక్కు."

"హక్కే. కాదన్నానా? వాన మాత్రం నీ వ్యాసం పూర్తయ్యేదాకా ఆగదు."

నా జవాబు ఇది, సార్. సగం ఇచ్చేది అడిగే నోరు మూయించడానికే. పని జరుగుతోందనే ఫోటోకి ఆ ఒక్క వైపు చాలు. దీనికి మీరేమంటారో నాకు తెలియాలి. ఇక తెలియదు.

ఆయన పోయాక మళ్లీ ఆ ఊరెళ్లాను. తోరణానికి ఫ్లెక్సీ కట్టారు. సార్ ఫోటో చిన్నది, దండం పెడుతున్న సర్పంచి ఫోటో పెద్దది. కింద 'అభివృద్ధి ప్రదాతకు నివాళి' అని. ఆయన తప్పుబట్టిన తోరణానికే ఆయన్ను వేలాడదీశారు. చింపేద్దామని చెయ్యెత్తాను.

"ఆగు తమ్మీ" అంది అక్క. "గది చింపితే సర్పంచి రెండో దిక్కు పని ఆపుతడు. నువ్వు పట్నం పోతవు. దాటేది నేను."

చెయ్యి దించాను. సార్ గెలిచారని ఇప్పటికీ ఒప్పుకోను.

సన్నగా వాన మొదలైంది. పిల్లలకు పెట్టే గుడ్ల ట్రే నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో దాన్ని, ఇంకో చేత్తో ఇనుప గొట్టాన్ని పట్టుకుని అక్క కాజ్‌వే మీదికి దిగింది. అటు నుంచి గడ్డిమోపుతో ఒకామె వస్తోంది. ఆమె చెయ్యీ అదే గొట్టం మీద ఉంది. నడిమధ్యలో ఇద్దరూ ఆగారు. ఎవరో ఒకరు చెయ్యి వదిలి, ఏమీ లేని ఆ రెండో వైపుకి జరగాలి.