గ్యాపు మాస్టారి శిష్యురాలు

మా బైండింగ్ షాపులో అందరం అతన్ని గ్యాపు మాస్టారనే అంటాం. వెనకాల. మొహం మీదే అనెయ్యాలని నాకు చాలాసార్లు నోటిదాకా వచ్చింది కానీ, పక్కనే మురిసిపోతూ నిలబడ్డ అతని పిన్నిని చూసి మింగేశాను.

ఆ పిన్ని నాకు అక్క. తోడబుట్టిన అక్క కాదు, పద్నాలుగేళ్ళు ఒకే బల్లకి అటూ ఇటూ కూర్చున్న అక్క. అచ్చయి వచ్చిన కాగితాల్ని మడిచి ఫారాలు చెయ్యడం నా పని. ఆ ఫారాల్ని సూదీ దారంతో పుస్తకంగా కుట్టడం ఆవిడ పని. కుడుతూ కథ చెప్పేది. తల ఎత్తేది కాదు, గొంతు పెంచేది కాదు. తన నిద్రని అమ్ముకున్న కాపలావాడి కథ ఒకటుంది, అది మొదలుపెడితే భోజనం గంట కొట్టినా ఎనిమిదిమందిలో ఒక్కరం లేచేవాళ్ళం కాదు. యజమాని తిట్టడానికని వచ్చి గుమ్మంలో నిలబడిపోయేవాడు. "ఆ తర్వాత?" అని అడిగి, అడిగినందుకు సిగ్గుపడి వెళ్ళిపోయేవాడు.

ఇక మన మాస్టారు. ఏ పనీ పట్టుమని పది రోజులు చేసిన మొహం కాదు. ఒకరోజు పిన్ని మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి వచ్చి కథ విన్నాడు. మర్నాడు ఫోనుతో వచ్చి రికార్డు చేసుకున్నాడు. అలా మూడు వారాలు. అదే అతగాడి విద్యాభ్యాసమంతా. నాలుగో వారం పళ్ళ డాక్టరు ఆస్పత్రి మీద ఒక గది తీసుకుని, పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసి, 'మౌఖిక కథాకళా శిక్షణాలయం' అని బోర్డు తగిలించాడు. పేరు గొప్ప ఊరు దిబ్బ.

మా అమ్మాయి అందులో చేరతానంటే, ఏం నేర్పుతున్నాడో చూద్దామని ఒకసారి వెళ్ళాను. బ్యాంకులో పనిచేసే ఒకావిడ లేచి మొదలుపెట్టింది.

"కాపలావాడు తన నిద్రని మూట..."

"ఆగండి!" మాస్టారు బల్ల చరిచాడు. "ఇక్కడ మౌనం. మనసులో మూడు లెక్కపెట్టండి."

ఆవిడ లెక్కపెట్టింది. మొహం కందిపోయింది. "...కట్టాడు."

"చూశారా! ఈ మౌనంలో శ్రోత తన నిద్రని తాను వెతుక్కుంటాడు."

శ్రోతని నేనే. ఏమీ వెతుక్కోలేదు, పాపం ఆవిడకి ఎక్కిళ్ళు వచ్చాయేమో అనుకున్నాను. అర్థమయ్యాక మాత్రం నవ్వాపుకోవడం నా వల్ల కాలేదు. రికార్డులో అక్క ఎక్కడెక్కడ ఆగిందో గడియారం పెట్టి కొలిచి, అక్కడల్లా నోటుబుక్కులో ఎర్ర గీతలు గీసుకున్నాడు మహానుభావుడు. ఒక్కో పుస్తకం కుట్టడం అవగానే అక్క దారాన్ని పంటితో తెంపేది. నోట్లో దారం ఉంటే మాటెలా వస్తుంది? పని చేస్తూ వింటున్న మాకు ఆ ఎడం తెలిసేదే కాదు.

క్లాసు అయ్యాక చెప్పాను. "బాబూ, మీ పిన్ని అక్కడ దారం తెంపుకునేది. అంతే."

నన్ను జాలిగా చూశాడు. "మీకు దారం కనిపిస్తుందండీ. కళ కనిపించదు."

తర్వాత మా షాపులోకి కుట్టు మిషను వచ్చింది. దాని రొదలో పక్కమనిషి తుమ్మినా వినపడదు, కథేం వినపడుతుంది! చూపు కూడా తగ్గిందని అక్క పని మానేసింది. ఇంట్లో కొడుకూ కోడలూ ఎవరి ఫోను వాళ్ళది. రెండు నెలలు తిరిగేసరికి మనిషి సగమైంది. "ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపుబ్బి చచ్చేట్టున్నానే" అంది నాతో. నవ్వుతూనే అంది, కానీ నాకు భయమేసింది.

మా షాపుకి పాత పుస్తకాలు పంపే లైబ్రరీ మేడం దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. "వచ్చే శనివారం పిల్లలకి ఒక కథ చెప్పండి. వాళ్ళు కుదురుగా కూర్చుంటే ఇక ప్రతి శనివారం మీదే" అందావిడ. తిరిగొచ్చేటప్పుడు అక్క దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

ఈ సంగతి మాస్టారి చెవిన పడింది. ఊరుకుంటాడా? "నిన్ను నేను తయారుచేస్తాను పిన్నీ" అంటూ దిగాడు. తాతకు దగ్గులు నేర్పడమని వినడమే కానీ, కళ్ళారా చూడటం అదే మొదలు. ఆరు రోజులు నేర్పాడు. నిలబడి చెప్పాలట. చేతులు కదలకూడదట. ఎర్ర గీత ఉన్న ప్రతిచోటా మూడు లెక్కపెట్టాలట.

"నీకెందుకక్కా ఈ పిచ్చి వేషాలు? నీ కథ నువ్వు చెప్పుకో" అన్నాను.

"ఊరుకోవే. వాడు పదిమందికి నేర్పుతున్నవాడు. నేనేదో నోటికొచ్చింది వాగేదాన్ని. అయినా మా అక్క కొడుకు నాకే గురువయ్యాడంటే నాకు గొప్ప కాదూ?"

శనివారం ముప్పైమంది పిల్లలు వచ్చారు. చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక అక్క వాటిని చీరకి అదిమిపెట్టుకుంది. "కాపలావాడు తన నిద్రని మూట" అని ఆగింది. పిల్లలు ఎదురుచూశారు. రెండోసారి ఆగినప్పుడు ముందు వరసలో ఒక పిల్ల మాట అందించింది. నాలుగోసారికి "పాపం, మామ్మ మర్చిపోయింది" అన్నారెవరో. ఆ మాట అక్కకి వినపడింది. బెదురుగా మాస్టారి కోసం వెతికినట్టు అటూ ఇటూ చూసింది. అతను మూలన నిలబడి మూడు వేళ్ళు చూపిస్తున్నాడు. పిల్లలు ఒకరి వెనక ఒకరు బొమ్మల పుస్తకాల వైపు జారుకున్నారు. కాపలావాడికి నిద్ర తిరిగి దొరక్కుండానే "అయిపోయిందమ్మా" అని అక్క కూర్చుండిపోయింది.

నేను లేచి అతన్ని కడిగెయ్యాల్సింది. పిల్లల ముందు బాగుండదని ఊరుకున్నాను. నా మర్యాద మండిపోను!

"ఆ తరంవాళ్ళకి శిక్షణ పట్టుబడదండీ" అంటున్నాడు మాస్టారు మేడంతో, గొంతు తగ్గించి. "మీకు అభ్యంతరం లేకపోతే శనివారాలు నేను చూసుకుంటాను."

చూసుకుంటున్నాడు. కథ మధ్యమధ్యలో చాక్లెట్లు పంచుతాడు కాబట్టి పిల్లలు కదలరు. అలాంటి మనిషి మీద కోపం కూడా దండగ. అసహ్యం చాలు.

పోయిన వారం మా అమ్మాయి "పెద్దమ్మా, ఒక్క కథ చెప్పవా" అని బతిమాలింది. అక్క తల అడ్డంగా ఊపింది. "నాకు సరిగా రాదే తల్లీ."

నిన్న శనివారం. బైండు చేసిన పుస్తకాలు ఇవ్వడానికి లైబ్రరీకి వెళ్ళాను. మాస్టారు కాపలావాడి కథ చెబుతున్నాడు. పిల్లల వెనక, చివరి కుర్చీలో, ముందుకి వంగి వింటూ అక్క కనిపించింది. ఒళ్ళు మండిపోయింది నాకు. దగ్గరికెళ్ళి చెవిలో అన్నాను. "ఇక్కడేం చేస్తున్నావక్కా?"

"ష్, మాట్లాడకు" అంది నా వైపు చూడకుండానే. "నేర్చుకుంటున్నానే."