పురుగుల షెడ్డులోకి నేను పోవచ్చా సార్

డాక్టరును ఏమి అడగాలో కాగితం మీద రాసుకుని పోయినదాన్ని నేను. నాకు హెచ్‌ఐవి ఉందని తేలాక మదనపల్లెలో మందులిచ్చే ఆసుపత్రికి పోయిన మొదటి రోజు అది. రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయి ఉంటుంది. ఎన్నాళ్లు బతుకుతాను, నొప్పి ఉంటుందా, ఇలాంటివేమీ ఆ కాగితంలో లేవు. ఒకటే ప్రశ్న ఉంది. పట్టుపురుగుల షెడ్డులోకి నేను పోవచ్చా, పోగూడదా?

మాది పుంగనూరు దగ్గర పల్లె. మా ఆయన బోర్లు వేసే లారీ మీద పని చేస్తూ ఏడాదిలో సగం బయటి రాష్ట్రాల్లోనే ఉండేవాడు. ఆయన ఇదే జబ్బుతో చనిపోయిన మూడు నెలలకు నా రక్తం పరీక్ష చేసి నాకూ ఉందన్నారు. పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది నేను, మా అత్త, ఎకరా మల్బరీ తోట, పురుగుల షెడ్డు.

పురుగులు మేపేవాళ్లకు రోగం అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కరలేదు. ఒక తట్టలో ఒక పురుగు ఒళ్లు పగిలి పాలలాంటి నీళ్లు కార్చిందంటే, చూసుకోకపోతే వారం లోపల షెడ్డంతా ఊడ్చి గుంతలో పోయాల్సిందే. అందుకే తట్టల్లో సున్నం చల్లుతాం, మందునీళ్లలో కాళ్లు ముంచనిదే లోపలికి ఎవరినీ రానివ్వం. చావింటికి పోయి వచ్చినవాళ్లు తలకు పోసుకోకుండా గడప తొక్కరు. అలాంటి చోటికి ఒంట్లో రోగం పెట్టుకుని నేనెట్లా పోతాను? అత్త వద్దనలేదు. నాకు నేనే మానుకున్నాను. రెండు చేతులతో ఆమె ఒక్కతే ఆకు కోసి, మోసి, వేసి, అలిసిపోయి ఒక పంట పోగొట్టింది.

అప్పటికే కుప్పం వైపు శాంతిపురం నుంచి మా అన్న రెండుసార్లు వచ్చి, మన ఇంటికి వచ్చేయమని పిలిచిపోయాడు. వాడు మంచివాడే. కాని అక్కడికి పోతే వరండాలో ఒక మూల కూర్చోబెట్టి, వేళకు తట్టలో సంగటి పెట్టి, నేను ఎప్పుడు పోతానా అని జాలిగా చూస్తారు. నాకు జాలి అంటే ఒళ్లు మంట. షెడ్డులో పని చేయగలిగితే ఈ ఇంట్లో ఉంటాను, లేకపోతే లేదు. నాకు సంబంధించినంత వరకు డాక్టరు తేల్చాల్సింది అదే.

డాక్టరంటే పోగానే కనిపిస్తాడనుకున్నాను. ఆయన దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. ముందు బరువు తూచారు. నలభై ఒక్క కిలోలు. ఆ తరువాత ఒకామె తలుపు మూసి కూర్చోబెట్టి మా అమ్మ కూడా అడగని సంగతులు అడిగింది. నాకు కోపం వచ్చింది. ఆమెకు నా మీద రాలేదు. అన్నీ చెప్పాక మంచినీళ్లిచ్చి, ఇందులో ఒక్క ముక్క కూడా ఈ గది దాటదని చెప్పింది. తరువాత రక్తం తీశారు. ఒంట్లో రోగాలను అడ్డుకునే కణాలు ఎన్ని మిగిలాయో చూస్తారట, దాన్ని బట్టి మందు మొదలుపెడతారట.

చివరకు డాక్టరు. నోరు తెరిపించి టార్చి వేసి చూశాడు. దగ్గుందా, సాయంత్రం జ్వరం వస్తుందా, చెమటలు పడతాయా, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అని ఒకదాని వెంట ఒకటి అడిగాడు. నేను జవాబులు చెప్పి కాగితం తీశాను. ఆయన చదివి, నవ్వకుండా, షెడ్డు ఎంత ఉంటుంది, తట్టలెన్ని, సున్నం ఎందుకు చల్లుతారు అని అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడని నాకు అర్థమైంది.

"ఇది మనిషి రక్తంలో బతికే జబ్బమ్మా. పురుగుకు రాదు. మీ అత్తకూ రాదు. ఒకే కుండలో వండుకోండి, ఒకే చెంబులో తాగండి. సున్నం చల్లేటప్పుడు మాత్రం ముక్కుకు గుడ్డ కట్టుకో, అది నీ ఊపిరితిత్తుల కోసం."

నేను పురుగుల గురించి అడిగితే ఆయన మనుషుల గురించి కూడా చెప్పి పంపాడు. నేను అత్త చెంబు ముట్టుకోక నాలుగు నెలలయిందని ఆయనకెలా తెలిసిందో! బస్సులో కూర్చోలేకపోయాను. సీటున్నా లేచి కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. పుంగనూరు ఇంత దూరమా అని డ్రైవరు మీద విసుక్కున్నాను.

అత్తకు అంతా చెప్పాను. ఆమె ఆకు తరుగుతూ విని, "ఆయప్ప ఎప్పుడన్నా పురుగులు మేపినాడా?" అంది.

లేదన్నాను.

"సరే. ఈ పంటకి రా. సూస్తాం."

ఈ పంట పోతే మా అన్న వెంట నేనే పోతానని ఆమెకు మాటిచ్చాను. అన్న మాట వెనక్కు తీసుకోలేదు.

రెండోసారి పోయినప్పుడు కణాల లెక్క చెప్పారు. నూట ముప్పై ఏడు. ఇది తక్కువ, మందు మొదలుపెడదామన్నాడు డాక్టరు. పొద్దున, సాయంత్రం, అదే వేళకు, ఒక్కపూట కూడా మానకూడదు. మొదట పదిహేను రోజులకే ఇస్తారు. ఒంటి మీద దద్దురు లేచినా, కళ్లు పచ్చబడినా ఆ రోజే రావాలి. బాగున్నాను కదా అని సొంతంగా ఆపేస్తే మళ్లీ ఆ మందు పని చేయకపోవచ్చు. ఇవన్నీ నా చేత తిరిగి చెప్పించుకున్నాకే మాత్రలు చేతికిచ్చారు. బడిలో కూడా నేనింత శ్రద్ధగా పాఠం అప్పజెప్పలేదు.

మాత్రలూ పురుగులూ ఒకే వారంలో ఇంటికి వచ్చాయి. పొద్దున ఆకు వేసే ముందు ఒకటి, సాయంత్రం ఆకు వేసే ముందు ఒకటి. పురుగులు మేత మాని పొర విడిచే రోజులను మేము జ్వరం అంటాం. వాటికి మొదటి జ్వరం వచ్చిన రోజే మాత్రలు పడక నాకు వాంతులు. అవి లేచి ఆకు ముట్టుకున్నాయి, నేనూ లేచి గంజి తాగాను. నాలుగో జ్వరం నుంచి లేచాక ఒక పొద్దున అంచు తట్టలో మూడు పురుగులు పాలు కార్చి చచ్చి ఉన్నాయి. అత్తను పిలిచి చూపించాను. దాచిపెట్టే బుద్ధి పుట్టలేదని చెబితే అబద్ధం. పుట్టింది. ఆమె వంగి చూసి, వాటిని పుల్లతో తీసి, సున్నం వేసి పూడ్చి వచ్చి, ఏ పంటలోనైనా నాలుగు పోతాయి, పోయి ఆకు కోసుకురమ్మంది.

ఆ తరువాత వారం నేను మనిషిని కాను. నిమిషానికోసారి తట్టలు చూసుకోవడమే. పురుగులు ఆకు నమిలే చప్పుడు వాన పడుతున్నట్టు బయటికి వినబడేది. ఒకటి కూడా పోలేదు. గూళ్లు కట్టుకోవడానికి చంద్రికలనే వెదురు చట్రాల మీదికి ఎక్కించాక మూడు రోజుల్లో షెడ్డంతా తెల్లగా, గట్టిగా గూళ్లు! గూళ్లు విప్పే రోజు, లోపల పురుగు గలగలమంటే గూడు మంచిదని, అత్త ఒకటి చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది, ఇంకొకటి ఊపింది, మూడోది నా చెవి దగ్గర పెట్టింది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వేశాను కూడా, కోడలినన్న సంగతి మరిచిపోయి.

అటు తరువాత ఇంకో రెండు పంటలు తీశాం. ఆరు నెలలకు మళ్లీ కణాల లెక్క చూసి చెప్పే రోజు, అడగకుండానే అత్త కొత్త చీర కట్టుకుని బస్సెక్కింది. బరువు నలభై ఎనిమిది. కణాలు రెండు వందల అరవై. డాక్టరు ఆ కాగితం నా వైపు తిప్పి చూపించాడు. నేను నోరు తెరిచేలోగా అత్త ముందుకు వచ్చింది.

"ఈ అమ్మి ఇంగా ఎన్ని పంటలు తీస్తాదప్పా?"

ఆయనకు అర్థం కాలేదు. ఏడాదికి ఐదు పంటలు తీస్తామని, ఆమె అడుగుతున్నది నా ఆయుష్షు గురించని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన అత్త వైపు తిరిగి, అంకె ఎవరూ చెప్పలేరు గాని, మాత్ర మానకుండా ఉంటే మీకంటే ఎక్కువ పంటలే తీస్తుందమ్మా అన్నాడు.

బయట మందుల వరసలో నా పక్కన నిలబడ్డాక అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నా కొడుక్కి నా చేత్తో మన్నేసినా. నాకు మన్నేసేదానికి నువ్వుంటావంట."

జబ్బుందని చెప్పిన రోజు కూడా ఏడవనిదాన్ని, ఆ వరసలో అందరి ముందూ బోరుమని ఏడ్చాను. మందులిచ్చే ఆమె కంగారుపడి రిపోర్టులో ఏమొచ్చిందని అడిగింది. బాగా వచ్చిందని చెప్పాను.