మగ్గాల సద్దులో దొంగగంట

కుట్టుమిషన్‌కి నూనె వేస్తే చాలు, ఆ వాసనకి నేను నగరిలో మా మగ్గాల కొట్టంలోకి పోయి నిలబడతాను. కరెంటు మగ్గాలు ఆడతా ఉంటే కాళ్ల కింద నేల అదిరేది, చెవి దగ్గరికొచ్చి అరిస్తే తప్ప మాట వినపడేది కాదు. కరెంటు పోయినాకనే వీధి వీధంతా తిన్నెల మీదికొచ్చి, మామిడికాయ ముక్కలు ఉప్పుకారంలో అద్దుకొని తింటా కబుర్లాడేది, పిల్లకాయలం నూలు అయిపోయిన ఖాళీ కండెలు వరసగా నిలబెట్టి రాళ్లతో కొట్టి ఆడుకునేవాళ్లం.

జరమొచ్చి పసితనంలోనే పోయిన నా చెల్లెలి వెండి కాలి గొలుసులు అమ్మ రేకుపెట్టెలో చీరల అడుగున దాచింది. ఆ పాపకి ఫోటో లేదు, అమ్మకి ఆ గొలుసులే పాప. సాయంత్రం తీసి, కొంగుతో తుడిచి, అరచేతిలో కొంచేపు పెట్టుకొని, మళ్లీ దాచేది. వీధి చివరింట్లో దొంగలు పడినారని తెలిసిన రోజు అమ్మ అన్నం ముట్టలేదు. అది చూసి, టేపురికార్డర్లు రిపేరు చేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ముందరి తలుపుకి దొంగగంట బిగించినాడు.

"తలుపు మూసుండేంతసేపూ తలుపుకుండే ఈ అయస్కాంతం ద్వారబందంలో ఉండే ఇనపరేకును లాగి పట్టుకోనుంటాదిక్కా. తలుపు తెరిస్తే రేకు విడిపోయి వైరుకు తగులుకుంటాది, బ్యాటరీలతో గంట మోగతాది. మళ్లీ మూసేదాకా ఆగదు."

మగ్గాలు నిలిచినప్పుడే గదా అందరికీ తీరిక, కరెంటు పోయినప్పుడు మోగించి చూసినాము. వీధి ఆ కొసకి వినపడింది.

"ఏమప్పా, దొంగోడికి మేళం పెట్టి పిలస్తా ఉండావే!" అని ఎదురింటాయన నాయనను ఆటపట్టించినాడు. అమ్మ కూడా నవ్వింది, పాప పోయినాక అదే మొదలు.

ఆడికృత్తిక దగ్గర పడింది, పండక్కి మగ్గం మీదినించి చీరలు దించాలని అమ్మా నాయనా పగలంతా వెనక కొట్టంలోనే, నేనూ వాళ్లతోనే కండెలు చుడతా ఉన్నాను. ముందర తాళముంది, గంటుంది అని ధైర్యం. మధ్యాన్నం కరెంటు పోయింది. మగ్గాలు ఒకదాని వెనక ఒకటి ఆగి, చెవుల్లో గుయ్యిమనే సద్దు కూడా అణిగినాక, ఇంట్లోనించి గంట. బ్యాటరీలు అయిపోవస్తా ఉండి, సన్నగా, కీచుమని. ఎప్పటినించి మోగతా ఉండాదో.

తాళం పగిలి తలుపు బార్లా తెరిచుంది. రేకుపెట్టె బోర్లించుంది.

"మోగిందే... మోగతానే ఉండాదే..." అంటా అమ్మ ఒక్కొక్క చీరే విప్పి దులిపింది, దులిపిందే మళ్లీ దులిపింది. నాయన పోయి తలుపు మూసినాడు. గంట ఆగింది.

మగ్గాలు ఆడేటప్పుడు మోగించి చూడాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆ సద్దులోనే పుట్టి పెరిగినోళ్లం, సద్దుందనే మాకు తెలీదు. అమ్మ ఆనాటినించి పాప పేరెత్తలేదు, పోయేదాకా.

ఇప్పుడా వీధిలో మగ్గాలు పాతినుముకు పోయినాయి, కొట్టాలు కూలిపోయినాయి, నాయనా మామా లేరు. పాపను ఎత్తుకున్నోళ్లలో నేనొక్కదాన్నే మిగిలినాను. ఎవరింట్లో ఏ పండక్కి ఏం వండినారో కూడా చెప్పగలను గానీ, పాప మొగం మాత్రం నాకు గుర్తుకు రాదు.